చదరంగంలో వీలు దొరగ్గానే క్వీన్లు మార్చేసే ఆట నాది. ఈ వయసులో మార్చుకోవాలా, ఇలాగే కొనసాగాలా?

కాశీబుగ్గ_ఏనుగు:

నమస్కారం అండీ. మాది పలాస-కాశీబుగ్గ. ఇక్కడ ఒక జీడిపప్పు ఫ్యాక్టరీలో అకౌంట్లు చూస్తాను. వయసు 47. చదరంగం మా నాన్న నేర్పారు. ఉద్యోగం, పెళ్ళి, పిల్లలతో చాలా ఏళ్ళు బోర్డు ముట్టుకోలేదు. లాక్‌డౌన్‌లో ఫోన్‌లో మళ్ళీ మొదలుపెట్టాను. ఇప్పుడు సెలవు దొరికితే విజయనగరం, విశాఖ వైపు జరిగే రేటింగ్ టోర్నమెంట్లకి వెళ్తున్నాను. రేటింగ్ 1500 చుట్టూ ఉంటుంది. 2024 మార్చిలో ఫిడే (అంతర్జాతీయ చెస్ సమాఖ్య) 2000 లోపు వాళ్ళందరికీ, 2000కి ఉన్న తేడాలో 40 శాతం కలిపింది కదా, నా 1200 అలా 1520 అయింది. కాబట్టి ఆ అంకెని పక్కన పెట్టి, కింద రాసిన ఆట చూసి సలహా ఇవ్వండి.

నా ప్రశ్న ఇది. తెల్ల పావులైనా నల్ల పావులైనా వీలు దొరగ్గానే నేను క్వీన్లు మార్చేస్తాను, అంటే నా క్వీన్ ఇచ్చి అవతలి వాళ్ళ క్వీన్ తీసుకుంటాను. తెల్లతో లండన్ సిస్టమ్ అనే ఓపెనింగ్ ఆడతాను. అవతలి వాళ్ళు క్వీన్‌ని బి6కి తెచ్చి నా బి2 బంటు మీద కన్నేస్తే, వెంటనే నా క్వీన్ బి3కి వెళ్ళి ఎదురు నిలబడుతుంది. వాళ్ళు మారిస్తే ఏ2 బంటుతో తీసుకుంటాను. బంట్లు ఒకదాని వెనక ఒకటి పడినా, ఏ ఫైల్ (‘ఏ’ అక్షరం నిలువు వరస) తెరుచుకుని మూలనున్న రూక్ (ఏనుగు) కదలకుండానే ఆటలోకి వచ్చేస్తుంది. నల్లతో కారో-కాన్ ఓపెనింగ్. అక్కడా అదే ధోరణి. నా ఆటలు చాలామటుకు రూక్ ఎండింగ్‌లోనే, అంటే కింగ్‌లు, రూక్‌లు, బంట్లు మాత్రమే మిగిలిన చివరి దశలోనే తేలతాయి.

నాకు అది ఇష్టం, బలవంతం మీద ఆడేది కాదు. మా ఫ్యాక్టరీలో గ్రేడింగ్ చేసే ఆడవాళ్ళు పప్పుని ఒక్కొక్కటీ వేళ్ళతో తిప్పి చూసి 240, 320 అని వేరు చేస్తారు. పౌనుకి ఎన్ని గింజలు తూగుతాయో ఆ లెక్క. రూక్ ఎండింగ్‌లో నాకు ప్రతి ఎత్తునీ అలా తిప్పి చూసుకునే తీరిక దొరుకుతుంది.

ఇంతకాలం దీని మీద నాకు అనుమానమే లేదు. మొన్న విజయనగరంలో జరిగిన టోర్నమెంట్‌లో ఒక అబ్బాయితో ఆడాక వచ్చింది. ఏడో ఎనిమిదో తరగతి ఉంటుంది. తెల్ల పావులు తనవి. మిడిల్‌గేమ్‌లో తన గుర్రం ఈ5లో తిష్ట వేసింది, క్వీన్ హెచ్5కి వచ్చి నా కింగ్ వైపు చూస్తోంది. నాకు రెండు దారులు కనిపించాయి. ఒకటి, క్వీన్లు ఉంచి క్వీన్‌సైడ్‌లో బంట్లు తోసి ఎదురుదాడి చెయ్యడం. రెండోది, ఒక బంటు వదులుకుని వరసగా అన్నీ మార్చేసి రూక్ ఎండింగ్‌కి దిగడం. రెండో దారి పట్టాను. తనకి కింగ్‌సైడ్‌లో ఈ, ఎఫ్, జి, హెచ్ నాలుగు బంట్లు. నాకు ఎఫ్, జి, హెచ్ మూడు. ఇంకెక్కడా బంట్లు లేవు.

నాలుగుకి మూడు, అన్నీ ఒకే వైపు ఉంటే డిఫెన్స్ చేసేవాడు జాగ్రత్తగా ఆడితే మామూలుగా డ్రా. అందులో నేను అన్నిటికంటే ముందు చేసే పని హెచ్ బంటుని హెచ్5కి తోయడం. ఎఫ్7, జి6, హెచ్5, ఇలా నిలబెట్టుకోవాలి. ఆ ఎత్తు ఆలస్యమైతే అవతలి వాళ్ళు జి4 తోసేసి మన బంట్లని ఇరుకులో పెడతారు. హెచ్5 పడ్డాక వాళ్ళు జి4 ఆడాలంటే ఒక జత బంట్లు మార్చుకోవాల్సిందే. డిఫెన్స్ చేసేవాడికి బంట్లు ఎన్ని తగ్గితే అంత మేలు.

అబ్బాయి బాగా ఆడాడు, తొందరపడలేదు. ఒక్కో జతా మారుతూ చివరికి తనకి ఈ బంటు ఒక్కటే మిగిలింది. నాకు ఏమీ లేదు. తన కింగ్ డి5, బంటు ఈ5, రూక్ ఏ7. నా కింగ్ ఈ8, రూక్ బి6. ఇది ఫిలిడోర్ స్థితి. ఆరో వరసలో నా రూక్ ఉన్నంతసేపూ తన కింగ్ ముందుకి అడుగు వెయ్యలేదు. నేను చెయ్యాల్సిందల్లా ఆ వరస వదలకుండా రూక్‌ని అటూ ఇటూ జరపడం. తను చాలాసేపు రూక్ తిప్పి తిప్పి చూసి, చివరికి బంటుని ఈ6కి తోశాడు. అప్పుడు ఆ వరస వదిలేసి రూక్‌ని బి1కి, బోర్డు ఆ చివరికి పంపాను. బంటు ఈ6లోకి వచ్చేసింది కాబట్టి కింగ్ దాక్కోడానికి ఆ గడి ఇక లేదు. కింగ్ డి6, నా రూక్ డి1 చెక్. కింగ్ ఈ5, రూక్ ఈ1 చెక్. కింగ్ ఎఫ్6, రూక్ ఎఫ్1 చెక్. కాసేపటికి తనే డ్రా అడిగాడు.

బయటికి వచ్చాక చెట్టు కింద బోర్డు పెట్టుకుని మళ్ళీ చూసుకున్నాం. అప్పుడు వాడన్న మాట: "అంకుల్, ఆ ఎండింగ్‌లో నేను ఓడిపోయే ప్రసక్తే లేదు కదా, అందుకే అంతసేపు ఆడాను. క్వీన్లు ఉంచితే నాకు భయమేసేది. ఎటైనా అయ్యేది."

ఇంటికొచ్చి స్టాక్‌ఫిష్ అనే చెస్ ప్రోగ్రామ్‌లో పెట్టి చూశాను. రెండు దారులూ దాదాపు సమానమే అంటోంది. అంటే లెక్క ప్రకారం నేను ఎంచుకున్నది సరైనదే. కానీ వాడి మాట మనసులోంచి పోవడం లేదు. పాత స్కోర్‌షీట్లు అన్నీ తీసి చూస్తే, నాకంటే పెద్ద రేటింగ్ వాళ్ళతో డ్రాలు బోలెడు ఉన్నాయి, గెలిచినవి మాత్రం చాలా తక్కువ. ఎండ్‌గేమ్ ఇంకా లోతుగా నేర్చుకోవడం మంచిదా, క్వీన్లు ఉంచి ఆడటం అలవాటు చేసుకోవడం మంచిదా? ఆటలు ఆడినవాళ్ళు, పిల్లలకి నేర్పేవాళ్ళు చెప్పండి.

ఇంకొక చిన్న సందేహం. ఆ ఫిలిడోర్ స్థితిలో రూక్‌లు అటూ ఇటూ తిరిగేటప్పుడు అదే స్థితి మూడోసారి వచ్చిందనిపించింది. అలాంటప్పుడు డ్రా క్లెయిమ్ చెయ్యడానికి సరైన పద్ధతి ఏంటి?


మూడులాంతర్లు:

అన్నా, మాది విజయనగరమే. సాయంత్రాలు పిల్లలకి చెస్ చెప్తుంటాను. ముందు ఒక మాట. 1500 దగ్గర 4-3 రూక్ ఎండింగ్‌ని హెచ్5 నుంచి ఫిలిడోర్ దాకా తడబడకుండా ఆడేవాళ్ళు అరుదు. మా పిల్లలు ఫోన్‌లో రోజూ పజిల్స్ చేస్తారు. రెండెత్తుల్లో మేట్ టక్కున చెప్పేస్తారు. రూక్ ఎండింగ్ అనగానే మొహం మాడ్చుకుంటారు. మీ ఆస్తి అది, దాన్ని వదులుకోవద్దు.

క్వీన్లు మార్చడం పిరికి ఆట అనేవాళ్ళ మాట కూడా పట్టించుకోకండి. 2000లో లండన్‌లో జరిగిన ప్రపంచ టైటిల్ మ్యాచ్‌లో కాస్పరోవ్ మీద క్రామ్నిక్ నల్లతో బెర్లిన్ డిఫెన్స్ అనే ఓపెనింగ్ పట్టుకుని కూర్చున్నాడు. అందులో ఎనిమిదో ఎత్తుకే క్వీన్లు మారిపోతాయి, పైగా నల్ల కింగ్ క్యాజిలింగ్ చేసే హక్కు కూడా పోగొట్టుకుంటుంది. ఆ మ్యాచ్ మొత్తంలో కాస్పరోవ్ ఒక్క ఆట కూడా గెలవలేదు. 8.5-6.5తో కిరీటం చేతులు మారింది.

అయితే ఆ మ్యాచ్‌లో ఇంకొక సంగతి ఉంది. బెర్లిన్ ఆటలన్నీ డ్రాలే. క్రామ్నిక్ గెలిచిన రెండు ఆటలూ తెల్ల పావులతో ఆడినవి. నల్లతో గోడ కట్టాడు, తెల్లతో కొట్టాడు. మీ స్కోర్‌షీట్లలో డ్రాలు ఎక్కువ, గెలుపులు తక్కువ అంటున్నారంటే తెల్లతో కూడా గోడే కడుతున్నారని నాకనిపిస్తోంది. కారో-కాన్‌ని అలాగే ఉంచండి. లండన్ దగ్గర మాట్లాడుకుందాం.

క్వీన్ బి3 మంచి ఎత్తే. కానీ తెలిసినవాడు మార్చడు. సి4 తోస్తాడు. మీ క్వీన్ సి2కి వెనక్కి వెళ్తుంది, వాడి బిషప్ ఎఫ్5కి వచ్చి మళ్ళీ దాని మీద పడుతుంది. ఆ బిషప్‌ని తింటే బి2 బంటు పోయి మూలనున్న రూక్‌కి ప్రమాదం. కాబట్టి క్వీన్ సి1కి పోవాలి. చూడటానికి తెల్ల వెనకబడ్డట్టే ఉంటుంది, కానీ నిజానికి ఏమీ కాలేదు. వాడు సి4 తోసి డి4 మీద ఒత్తిడి తనే వదిలేశాడు. ఇక మీరు బి3తో ఆ బంటు గొలుసుని కొరకొచ్చు, లేదా నిదానంగా పావులన్నీ సర్దుకుని మధ్యలో ఈ4 తోయొచ్చు. క్వీన్లు బోర్డు మీదే ఉంటాయి, మీ కింగ్‌కి భయం ఉండదు. క్వీన్లతో ఆడటం అలవాటు చేసుకోవడానికి మీలాంటివారికి ఇంతకంటే మంచి చోటు లేదు. ఆ స్థితిని ఫోన్‌లో పెట్టుకుని 15 నిమిషాలు, ఎత్తుకి 10 సెకన్ల చొప్పున ఆడండి. బ్లిట్జ్, అంటే చాలా తక్కువ టైమ్ ఆటలు, వద్దు. బ్లిట్జ్‌లో చెయ్యి పాత అలవాటుకే పోతుంది.

ఒక్కటి గుర్తుపెట్టుకోండి. క్వీన్ మార్చబోయే ముందు మీ చెయ్యి ఆగాలి. మారాక ఓపెన్ ఫైల్ ఎవరి రూక్‌కి దొరుకుతుంది? ఎవరి కింగ్ ముందు మధ్యకి చేరుతుంది? ఎవరి బంటు కాపలా లేకుండా మిగులుతుంది? ఈ మూడిట్లో కనీసం ఒక్కటైనా మీ వైపు మొగ్గితేనే మార్చండి. మొన్నటి ఆటలో మూడూ ఆ అబ్బాయి వైపే ఉన్నాయి. మీరు కాచుకున్నారు, అది వేరే సంగతి.


నాగావళి64:

మాస్టారూ, శ్రీకాకుళం నుంచి రాస్తున్నాను. రిటైరయ్యాను, ఆట మాత్రం మానలేదు. మూడులాంతర్లు బాబు చెప్పింది బాగుంది కానీ వయసు లెక్క వాళ్ళకి తెలియదు. మొదటి రెండు గంటలు మనం పిల్లలతో సమానంగానే లెక్కపెడతాం. మూడో గంటలో కుర్చీలో నడుము లాగేస్తుంది, ఫ్యాన్ గాలి ఒక మూలకే తగులుతుంది, అప్పుడు నాలుగెత్తుల అవతల క్వీన్ చెక్ ఒకటి కంటికి ఆనదు. ఎండింగ్ అలా కాదు. నేర్చుకున్న స్థితి నేర్చుకున్నట్టే ఉంటుంది. మీ పద్ధతే నాదీ. మార్చొద్దనే నా సలహా.

కాకపోతే మార్చడంలో ఒక హద్దు ఉంది. క్వీన్లు మార్చినా రూక్‌లుంటే ఇంకా సర్దుకోవచ్చు. చివరి జత మార్చి వట్టి బంట్ల ఎండింగ్‌కి దిగితే ఇక వెనక్కి రావడం ఉండదు. 2024 డిసెంబర్ 12న సింగపూర్‌లో జరిగింది అదే కదా. గుకేశ్‌తో ప్రపంచ టైటిల్ మ్యాచ్‌లో పద్నాలుగో ఆట, డింగ్ లిరెన్‌కి ఒక బంటు తక్కువ. రూక్, బిషప్‌తో డ్రాకి ఆడుకుంటూ వచ్చాడు. 55వ ఎత్తులో రూక్‌ని ఎఫ్2కి తెచ్చి మార్పిడికి పెట్టాడు. గుకేశ్ రూక్‌లు మార్చి, వెంటనే తన బిషప్‌ని డి5లో పెట్టాడు. డింగ్ బిషప్ ఏ8 మూలలో ఇరుక్కుని ఉంది, మార్చుకోక తప్పలేదు. మిగిలిన బంట్ల ఎండింగ్ గెలుపు. 58 ఎత్తులకి ఆట అయిపోయింది, పద్దెనిమిదేళ్ళ కుర్రాడు ప్రపంచ చాంపియన్ అయ్యాడు. ఆ రోజు నేను ఫోన్ ముందు నుంచి లేవలేదు. మన తెలుగు మూలాలున్న కుర్రాడు గెలిచాడని ఎంత సంతోషించానో, డింగ్ మొహం చూసి అంత బాధపడ్డాను.

అందుకని క్వీన్లు మార్చడానికి పెద్దగా ఆలోచించకపోయినా పర్వాలేదు. ఆఖరి రూక్‌ని మార్చే ముందు మాత్రం కింగ్‌లు ఎదురెదురుగా నిలబడితే ఎవరి వంతు వస్తుందో వేలు మీద లెక్కపెట్టుకోండి. ఇంక లోతుగా నేర్చుకోవాలంటే బంట్ల ఎండింగ్‌లు పట్టుకోండి. రూక్‌ల సంగతి మీకు బాగానే తెలుసు.


టేబుల్_నంబర్_ఒకటి:

క్లెయిమ్ గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి నేను చెప్తాను. చీపురుపల్లి, విజయనగరం చుట్టుపక్కల టోర్నమెంట్లలో ఆర్బిటర్‌గా, అంటే రిఫరీగా పనిచేస్తుంటాను. ప్రతి టోర్నమెంట్‌లోనూ ఎవరో ఒకరు దీని దగ్గర తికమకపడతారు.

మీ ఎత్తుతో ఆ స్థితి మూడోసారి రాబోతుంటే, పావుని ముట్టుకోకండి. ఆ ఎత్తుని స్కోర్‌షీట్ మీద రాసి, గడియారం ఆపి, ఆర్బిటర్‌ని పిలిచి, ఈ ఎత్తు ఆడబోతున్నాను, దీంతో మూడోసారి అవుతుంది అని చెప్పాలి. అవతలి వాళ్ళ ఎత్తుతో మూడోసారి వచ్చేసి ఉంటే, మీ వంతులో ఏదీ ముట్టుకోకముందే క్లెయిమ్ చెయ్యాలి. పావు మీద చెయ్యి పడిందా, ఆ ఎత్తుకి క్లెయిమ్ హక్కు పోయినట్టే. ఎత్తులు వరసగా రావాల్సిన పని లేదు, మధ్యలో వేరే ఎత్తులు పడినా ఫర్వాలేదు. కానీ మూడుసార్లూ ఎత్తు వెయ్యాల్సిన వంతు ఒకరిదే అయి ఉండాలి. రూక్ ఎండింగ్‌లో ఎక్కువమంది తప్పు లెక్కపెట్టేది ఇక్కడే. పావులు అవే గళ్ళలో ఉంటాయి, వంతు మాత్రం మారిపోయి ఉంటుంది.

క్లెయిమ్ తప్పని తేలితే అవతలి వాళ్ళకి రెండు నిమిషాలు అదనంగా ఇస్తాం. అంతే, ఆట సాగుతుంది. క్లెయిమ్‌ని డ్రా ప్రతిపాదనగా కూడా లెక్కిస్తాం కాబట్టి అవతలి వాళ్ళు ఒప్పుకుంటే అక్కడితో ముగుస్తుంది. అదే స్థితి ఐదుసార్లు వస్తే ఎవరూ అడగకపోయినా డ్రానే. బంటు కదలకుండా, ఏ పావూ పోకుండా 50 ఎత్తులైతే క్లెయిమ్ చెయ్యొచ్చు, 75 అయితే అదీ దానంతటదే డ్రా.

ఇదంతా మీ స్కోర్‌షీట్ మీద ఆధారపడి ఉంటుంది. ఎత్తుకి 30 సెకన్లు కలిసే టోర్నమెంట్లలో టైమ్ ఎంత తక్కువున్నా చివరి ఎత్తు దాకా రాయాలి. రాసి ఉంటే మేము రెండు నిమిషాల్లో సరిచూసి చెప్పేస్తాం.


బొబ్బిలి_పాప_అమ్మ:

అన్నయ్య గారూ, మా పాప ఐదో తరగతి. ఇలాంటి ఎండింగ్‌లోనే మొన్న ఏడ్చుకుంటూ బయటికొచ్చింది, బంటు ఒకటి తక్కువైందని ముందే రిజైన్ చేసేసిందట. నాకు ఆట పెద్దగా రాదు. మీరు చెప్పిన ఫిలిడోర్ స్థితి పాపకి ఇంట్లో ఎలా నేర్పాలో కాస్త చెప్తారా?


కాశీబుగ్గ_ఏనుగు:

అందరికీ ధన్యవాదాలు.

ముందు చెల్లెమ్మకి. బోర్డు మీద నేను పైన రాసిన స్థితి పెట్టండి. తెల్ల కింగ్ డి5, బంటు ఈ5, రూక్ ఏ7. నల్ల కింగ్ ఈ8, రూక్ బి6. మొదట పాపకి తెల్ల పావులు ఇచ్చి గెలవమనండి, మీరు నల్ల. మీకు ఆట రాకపోయినా పర్వాలేదు, బంటు కదిలేదాకా మీ రూక్ ఆరో వరస దాటకూడదు, బంటు ఆరో వరసకి రాగానే రూక్‌ని మొదటి వరసకి పంపి వెనక నుంచి చెక్‌లు ఇవ్వాలి. ఈ రెండే. గెలవడానికి పాప అన్నీ ప్రయత్నించి, ఎందుకు కుదరట్లేదో తనే కనుక్కుంటే మర్చిపోదు. తర్వాత పావులు మార్చుకోండి. లీచెస్ అనే చెస్ సైట్‌లో ప్రాక్టీస్ అనే చోట ఫిలిడోర్, లుసెనా రెండూ ఉన్నాయి, డబ్బులు కట్టక్కర్లేదు. లుసెనా అంటే ఇదే ఎండింగ్‌లో బంటు ఏడో వరసకి చేరి, దాని ముందు తన కింగ్ నిలబడితే గెలిచే పద్ధతి. డ్రా పద్ధతి వచ్చాకే అది చూపించండి. రూక్ ఆరో వరసకి చేరే వీలు లేకపోతే ఏం చెయ్యాలో తర్వాతి మెట్టు. కింగ్ బంటుకి గళ్ళు తక్కువున్న వైపుకి జరగాలి, రూక్ ఎక్కువున్న వైపు దూరంగా నిలబడి పక్క నుంచి చెక్‌లివ్వాలి. ఇది కొంచెం పెద్దయ్యాక చాలు. బంటు తక్కువైందని రిజైన్ చెయ్యొద్దని మాత్రం ఇప్పుడే చెప్పండి. పదేళ్ళ పాప ఆ ఒక్క స్థితి పట్టుకుంటే ఎన్ని అర పాయింట్లు దక్కుతాయో!

టేబుల్_నంబర్_ఒకటి గారూ, వంతు సంగతి నాకు తట్టలేదు. మీరు చెప్పాక ఆ స్కోర్‌షీట్ మళ్ళీ చూశాను. పావులు మూడుసార్లు అదే చోట ఉన్నాయి, కానీ ఒకసారి వంతు అబ్బాయిది. అప్పుడు క్లెయిమ్ చేసుంటే చెల్లేది కాదు.

నాగావళి64 గారూ, మూడో గంట గురించి మీరన్నది అక్షరాలా నిజం. పలాస మెమూలో పొద్దున్నే బయల్దేరి విజయనగరంలో దిగి, నేరుగా హాల్‌కి వెళ్ళి కూర్చుంటే సాయంత్రం రౌండ్‌కి కళ్ళు మూతలు పడతాయి. బంట్ల ఎండింగ్‌లు మొదలుపెడుతున్నాను. డింగ్ ఆట నేనూ చూశాను, బిషప్ మూలలో ఉండటం వల్లే డి5 కుదిరిందన్న సంగతి మీరు చెప్పాకే పూర్తిగా అర్థమైంది.

తమ్ముడూ మూడులాంతర్లూ, నీ మూడు ప్రశ్నలు స్కోర్‌షీట్ల కట్ట పక్కన పెట్టుకుని పాత ఆటల మీద వేసి చూశాను. నల్లతో నేను మార్చినప్పుడు చాలామటుకు కనీసం ఒకటి నా వైపు ఉంది. తెల్లతో, క్వీన్ బి3 దగ్గర అవతలి వాళ్ళు మార్చినప్పుడు ఏ ఫైల్ నాదే. ఇబ్బందల్లా ఆ తర్వాత. ఏ ఫైల్ చేతికొచ్చాక కూడా నేను రూక్‌లు మార్చడానికే తొందరపడుతున్నాను. అంటే నన్ను డ్రాల్లో పడేస్తున్నది క్వీన్ మార్పిడి కాదు, దాని తర్వాత వచ్చే మార్పిళ్ళు. ఆ అబ్బాయి మాటకి జవాబు నాకు ఇక్కడ దొరికింది. ఓడిపోయే భయం లేకుండా వాడు అంతసేపు ఆడినట్టు, ఏ ఫైల్ నాదైన ఎండింగ్‌లో నేనూ ఆడొచ్చు కదా. 2021లో దుబాయ్‌లో నెపోమ్నియాషి మీద కార్ల్‌సన్ 136 ఎత్తులు ఆడి గెలిచిన ఆరో ఆట నాకు ప్రాణం. అందులోనూ కార్ల్‌సన్ తన క్వీన్ ఇచ్చి రెండు రూక్‌లు తీసుకున్నాడు, ఆ తర్వాత గంటల తరబడి ఒత్తిడి వదల్లేదు. ఆ ఆటని ఎన్నిసార్లు చూశానో, ఈ కోణంలో మాత్రం చూడలేదు.

కాబట్టి కారో-కాన్ అలాగే ఉంటుంది, క్వీన్ బి3 అలాగే ఉంటుంది. సి4 తోస్తే సి2కి వచ్చి, సి1కి వచ్చి, క్వీన్‌తోనే ఆడతాను. మార్చుకుంటే ఏ ఫైల్ మీద రెండు రూక్‌లూ ఒకదాని వెనక ఒకటి పెట్టేదాకా రూక్ మార్పిడి ముట్టుకోను. సి4 తర్వాత బి3 ముందా, గుర్రాన్ని డి2కి తేవడం ముందా అన్నది ఇంకా తేల్చుకోలేకపోతున్నాను. మీ పిల్లలకి ఏది ముందు చెప్తావో రాయి తమ్ముడూ.


మూడులాంతర్లు:

గుర్రం ముందు అన్నా. బి3 తోశాక వాళ్ళ సి బంటు దాన్ని తిని, మీరు ఏ2 బంటుతో తీసుకుంటే ఏ ఫైల్ తెరుచుకుంటుంది, ఆ సమయానికి గుర్రం బి1లో కూర్చుని ఉంటే మీ ఏ1 రూక్‌కి, మిగతా పావులకి మధ్య అడ్డంగా ఉంటుంది. డి2కి తెచ్చేస్తే బి3కీ సాయం, ఈ4కీ సాయం. ఆట పడితే స్కోర్‌షీట్ ఫొటో ఇక్కడే పెట్టండి, పిల్లలతో కలిసి చూస్తాం.